యల్లాప్రగడ సుబ్బారావుగారు: జీవితము, శాస్త్రకృషి

ఒక కవి ఎంతటివాడో తెలియవలెనన్న ఆయన కావ్యములను చూతుము. ఒక రాజు ఎంతటివాడో తెలియవలెనన్న ఆయన వేయించిన శాసనములను, త్రవ్వించిన చెరువులను చూతుము. శాస్త్రజ్ఞుని ఘనతను నిర్ణయించుటకు పండితలోకమున మరియొక కొలబద్ద ఏర్పడియున్నది. అది పరిశోధనపత్రము.

శాస్త్రజ్ఞుడు ఒక క్రొత్త విషయమును కనుగొన్నప్పుడు, దానిని ఏ రీతిని కనుగొనెనో, ఏ పదార్థమును ఎంత తూకమున వాడెనో, ఫలితమేమి వచ్చెనో అంతయు వ్యాసముగా వ్రాసి శాస్త్రపత్రికకు పంపును. అది అచ్చయిన పిమ్మట ఆ త్రోవను నడచువారందరు తమ వ్యాసములలో ఆ మొదటి వ్యాసమును పేర్కొనవలెను. ఎందరు పేర్కొనిరో ఆ లెక్కయే ఆ పండితుని పలుకుబడికి గురుతు. గ్రామములో భూమికి పట్టా ఎట్టిదో, శాస్త్రలోకమున కనుగొనబడిన విషయమునకు పత్రముపైనున్న పేరు అట్టిది. అయితే గ్రామలెక్కలలో పట్టా ఒక్కటియే కాదు, అడంగలు కూడ ఉండును. భూమి ఎవరి పేరనున్నదో పట్టా చెప్పును. ఎవరు దున్నిరో, ఏమి పండెనో అడంగలు చెప్పును. రెండింటిలోను ఒకే పేరుండవలెనన్న నియమము లేదు.

శాస్త్రచరిత్రలో ఈ రెండు లెక్కలకు పొంతన కుదరని గొప్ప ఉదాహరణము తెలుగువారిలోనే కలదు. వారు గోదావరిసీమయందు జన్మించి, అమెరికాలో పరిశోధన సాగించి, అక్కడనే తనువు చాలించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. కాన్సరునకు మందుతో చికిత్స చేయుట సాధ్యమని మొదట తోపింపజేసిన ఔషధములలో ముఖ్యమైనది వారి పరిశోధనాలయమునుండి వెలువడెను. కాని ఆ ఔషధము చేసిన మేలును లోకమునకు చాటిన పత్రముపై వారి పేరు లేదు. ఏల లేదో, లేకపోయినను వారి కృషి ఎట్లు నిలిచెనో విచారించుట చదువరులకు ఉపకరించును.

బాల్యము, విద్య

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమునందు జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. సంతానము ఏడుగురు, సంసారము కలిమి గలది కాదు. పదమూడేండ్ల ప్రాయమున ఈ బాలుడు ఇల్లు విడిచి, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని బయలుదేరెననియు, తల్లి వెనుకకు రప్పించి మరల బడిలో కూర్చుండబెట్టెననియు చరిత్రకారులు చెప్పుదురు. చదువు రాజమహేంద్రవరమున సాగెను. దగ్గరివారి మరణములచే మనసు చెదరి మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసార్లు తప్పిరి. మూడవసారి మద్రాసు హిందూ ఉన్నతపాఠశాలనుండి కృతార్థులైరి. ఒకసారి తప్పినంతనే విద్య తమకు కాదని పుస్తకము మూసివేయు బాలురు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనదగును.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలయందు ఇంటర్మీడియేటు ముగిసినది. ఆ కాలమున సుబ్బారావుగారి మనసు సన్న్యాసమువైపు మొగ్గి, రామకృష్ణ మఠమున చేరవలెనని తోచెను. తల్లి సమ్మతింపలేదు. పిమ్మట మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ధనసహాయము చేసిరి. ఆయన కుమార్తె శేషగిరిగారితో 1919లో వివాహము జరిగెను.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతటను మారుమ్రోగుచున్న దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్సశాలలో సయితము ఖద్దరు అంగీనే ధరించిరి. అందుచే శస్త్రచికిత్సాచార్యుడగు బ్రాడ్‌ఫీల్డు దొరకు ఆగ్రహము కలిగెను. వ్రాతపరీక్షలు చక్కగా వ్రాసినను ఎం.బి.బి.ఎస్. పట్టము చేతికి రాలేదు. దానికి తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో చేరుటకు చేసిన యత్నము కూడ ఫలింపలేదు. తుదకు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలయందు శరీరనిర్మాణశాస్త్రము బోధించు ఉద్యోగము దొరకెను.

ఈ నడుమ ఇంట పెద్ద విపత్తు సంభవించెను. స్ప్రూ అను జీర్ణకోశవ్యాధి సోదరులిద్దరిని బలిగొనెను. తిన్న ఆహారము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి నానాటికి కృశించి పోవుట ఆ వ్యాధిలక్షణము. కంటి ఎదుట తోడబుట్టినవారు పోవుచుండగా వైద్యవిద్య నేర్చిన తాను ఏమియు చేయలేకపోవుట సుబ్బారావుగారి హృదయమున నాటుకొనెను. ఆనాడు ఆ వ్యాధికి మందు ఏ దేశమునను లేదు. లేని మందును వెదకుటయే వారి జీవితమున వ్రతమైనది.

అమెరికా ప్రయాణము

కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరుగారి ధర్మసంస్థ సహాయముతోను, మామగారి ధనముతోను, 1922 అక్టోబరులో సుబ్బారావుగారు అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమునందలి ఉష్ణమండలవైద్య పాఠశాలలో ప్రవేశము లభించెను గాని విద్యార్థివేతనము లేదు. మద్రాసునాటి ఎల్.ఎం.ఎస్. పట్టముతో ఆ దేశమున వైద్యము చేయుటకు అర్హత లేదు. కావున పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో సేవకుని కొలువు. రోగుల మలమూత్రపాత్రలు కడుగుట మొదలైన పనులు చేసి పొట్టపోసికొనిరి. డిప్లమా పొందిన పిమ్మట హార్వర్డునందే జీవరసాయనశాఖలో చేరిరి.

మూడేండ్లలో తిరిగివత్తునని భార్యతో చెప్పి వెడలిన సుబ్బారావుగారు మరల స్వదేశమున అడుగుపెట్టలేదు. వారు వెడలిన పిమ్మట జన్మించిన కుమారుడు పసితనముననే మరణించెను; తండ్రి ఆ బిడ్డ ముఖము చూడలేదు. శేషగిరిగారు జీవితమంతయు ఎదురుచూపుతోనే గడపిరి. ఒక పరిశోధకుని కృషికి వెల కట్టునప్పుడు ప్రయోగశాలలో ఆయన వెచ్చించిన రాత్రులను మాత్రమే లెక్కించిన చాలదు. ఇంట మిగిలిన ఆ యిల్లాలి ఏండ్లను కూడ ఆ లెక్కలో చేర్చవలెను.

మొదటి పత్రములు

జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి సుబ్బారావుగారు పనిచేసిరి. శరీరమున భాస్వరము ముఖ్యమైన ధాతువు. ఎముకలలోను, రక్తమునందును, కండరములందును అది కలదు. కాని రక్తములో అది ఎంత యున్నదో కొలుచుటకు ఆనాడున్న పద్ధతులు శ్రమతో కూడినవి. వీరిరువురు ఒక సులభమార్గము కనుగొనిరి. పరీక్షింపవలసిన ద్రవమునకు మాలిబ్డేటు అను లవణమును, పిమ్మట మరియొక రసాయనమును చేర్చినయెడల అందు నీలిరంగు పుట్టును. భాస్వరము హెచ్చుగానున్న రంగు చిక్కగా నుండును, తక్కువైన పలుచనగును. తెలిసిన పరిమాణముగల ద్రవపు రంగుతో సరిపోల్చినంతనే లెక్క తేలును.

ఈ పద్ధతి 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ అను పత్రికలో వెలువడెను. పత్రముపై రెండే పేర్లు: ఫిస్క్, సుబ్బారావు. తరువాతి కాలమున జీవరసాయనశాస్త్రమునందు మిక్కిలి తరచుగా పేర్కొనబడిన వ్యాసములలో ఇది యొకటి యయ్యెను. ఆ విద్య నేర్చువారికి నేటికిని ఇది ఫిస్క్–సుబ్బారావు పద్ధతి పేరుననే పరిచితము. 2002లో ఆ పత్రికవారే తమ పూర్వప్రచురణలలో శాశ్వతముగా నిలువదగినవానిని ఎంచి మరల పరిచయము చేసినప్పుడు, ఈ యిరువురి కృషికి అందు స్థానమిచ్చిరి.

కొలత నేర్చినవానికి క్రొత్త లోకము కనబడును. ఈ పద్ధతితోనే కండరమునందలి భాస్వరమును కొలుచునప్పుడు ఒక వింత కనబడెను. రంగు వెంటనే పూర్తిగా రాక, మెల్లమెల్లగా చిక్కబడుచుండెను. మరియొకరైన పద్ధతిలో లోపమనుకొని విడిచిపెట్టి యుందురు. వీరు విడువలేదు. కండరములో భాస్వరము క్రియాటిన్ అను వస్తువుతో కూడి వదులైన బంధముతో నున్నదనియు, అది మెల్లగా విడివడుటచేతనే రంగు ఆలస్యమగుచున్నదనియు గ్రహించిరి. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరము పనిచేయునప్పుడు అది తగ్గును. విశ్రాంతి నొందినప్పుడు మరల నిండును. 1927లో సైన్సు పత్రికలో ఈ సంగతి ప్రకటితమయ్యెను. 1929లో అదే పత్రికలో ఏ.టి.పి. అని ప్రసిద్ధమైన మరియొక భాస్వరసమ్మేళనమును గూర్చి వ్రాసిరి. జీవులన్నియు తమ శక్తిని చేతిసొమ్మువలె ఖర్చుపెట్టుకొనునది ఈ పదార్థమే.

కండరము పనిచేయుటకు లాక్టికామ్లమే మూలమని అంతవరకు విద్వాంసులు నమ్ముచుండిరి. కండరముపై చేసిన పరిశోధనలకు హిల్, మేయర్‌హాఫ్ అను వారికి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించియుండెను. ఈ క్రొత్త పత్రములచే ఆ సిద్ధాంతమునకు సవరణ తప్పనిసరియయ్యెను. 1930లో సుబ్బారావుగారు పిహెచ్.డి. పట్టము పొందిరి.

పేరు మరుగుపడిన కాలము

ఇంతటి కృషి చేసినను హార్వర్డు విశ్వవిద్యాలయము సుబ్బారావుగారికి స్థిరమైన ఆచార్యపదవి నీయలేదు. కాలేయమునుండియు, కండరములనుండియు వారు వేరుపరచిన పదార్థములను గూర్చిన పని అంతయు అచ్చుకాలేదు. ఆ శాఖయందే విద్యార్థిగానుండి, 1988లో నోబెల్ బహుమానమును పంచుకొనిన జార్జి హిచ్చింగ్సు పండితుడు ఈ విషయమై తరువాత సాక్ష్యమిచ్చెను. సుబ్బారావుగారు వేరుపరచిన న్యూక్లియోటైడులలో కొన్నింటిని ఇతరులు ఎన్నో ఏండ్ల తరువాత మరల కనుగొనవలసి వచ్చెననియు, ఫిస్కు అసూయచే వానిని వెలుగు చూడనీయలేదని తోచుచున్నదనియు ఆయన అభిప్రాయము.

ఇచ్చట రాజమహేంద్రవరమును, తెలుగుభారతమును స్మరించుట సముచితము. నన్నయభట్టారకుడు ఆ పట్టణమున భారతము తెనిగించునప్పుడు తనకు తోడ్పడిన నారాయణభట్టును అవతారికలో పేర్కొని, భారతరణమున అర్జునునకు శ్రీకృష్ణుడు తోడైనట్లు తనకు తోడయ్యెనని భావము వచ్చునట్లు కృతజ్ఞత చెప్పుకొనెను. ఆ యొక్క మాటచే నారాయణభట్టు పేరు వేయేండ్లు నిలిచెను. తోడ్పడినవాని పేరు చెప్పుటచే నన్నయ కీర్తి వీసమంతయు తగ్గలేదు, పెరిగినది. పేరు చెప్పుట యనునది మర్యాద మాత్రమే కాదు, విద్యకు రక్షణ. అచ్చుకాని పనిని మరియొకరు మరల మొదటినుండి చేయవలసివచ్చును. ఆ లోపల గడచిన ఏండ్లకు ఎవరు బాధ్యులు?

లెడర్లీ పరిశోధనాలయము

1940లో సుబ్బారావుగారు హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రమునందలి పెర్ల్ రివర్ అను ఊరిలోనున్న లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. అది అమెరికన్ సయనమిడ్ అను సంస్థకు చెందిన మందుల కార్ఖానా. కొలదికాలమునకే పరిశోధనలన్నింటికిని డైరెక్టరైరి. అక్కడ గడచినవి ఎనిమిదేండ్లే. ఆ కొద్దికాలములో వెలువడిన మందులను వరుసగా చూచిన ఆశ్చర్యము కలుగును.

మొదటిది ఫోలిక్ ఆమ్లము. దీని కథకు మనదేశముతో సంబంధము కలదు. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయికి వచ్చి, గర్భిణీస్త్రీలకు కలుగు ఒకవిధమైన రక్తహీనతను పరిశీలించి, ఈస్టుసారముచే అది నయమగునని చూపెను. ఆ సారములోని గుణకారి వస్తువేదో అప్పటికి తెలియలేదు. కాలేయములోను, ఆకుకూరలలోను అట్టి వస్తువున్నదని తరువాతివారు గ్రహించిరి. ఆకు అను అర్థమిచ్చు లాటిను పదమునుండియే ఫోలిక్ అను పేరు వచ్చినది. సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు దానిని కాలేయమునుండి శుద్ధిచేసి, దాని నిర్మాణమును గ్రహించి, ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిరి. 1945లోను, 1946లోను సైన్సు పత్రికలో ఈ వార్త వెలువడెను. ఆ పత్రముపై పదునారుగురి పేర్లు కలవు. అక్షరక్రమమున వ్రాయబడిన ఆ పేర్ల నడుమ సుబ్బారావు అను పేరు ఒకమూల నుండును. చూచువారికి ఆయన పదునారుగురిలో ఒకడేకాని, ఆ పనినంతటిని నడిపిన డైరెక్టరని తెలియదు.

ఫోలిక్ ఆమ్లము చేతికి వచ్చిన స్వల్పకాలములోనే వైద్యులు దానిని స్ప్రూ రోగులకిచ్చి గుణము కనుగొనిరి. సోదరులను హరించిన వ్యాధికి మందు, సుబ్బారావుగారి పరిశోధనాలయమునుండియే లభించినది. నేడు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో గర్భిణులకు ఇచ్చు రక్తవృద్ధి మాత్రలలో ఇనుముతోపాటు ఉండునది ఈ ఫోలిక్ ఆమ్లమే.

రెండవది హెట్రజాను. బోదకాలు వ్యాధిని కలిగించు సూక్ష్మక్రిములపై పనిచేయు ఈ మందును గూర్చిన పత్రము 1947లో వెలువడెను. దానిపై ఆరు పేర్లలో కడపటిది సుబ్బారావుగారిది. డయిథైల్ కార్బమజైన్ అను పేరుగల ఆ మందునే 2004 మొదలుకొని మనదేశమున బోదకాలు ఉన్న జిల్లాలలో ఇంటింటికి మాత్రలుగా పంచిరి. డెల్టా గ్రామములలో బోదకాలు ఎంతటి బాధయో ఎరుగనివారు లేరు.

మూడవది ఆరియోమైసిను. బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు సుబ్బారావుగారి క్రింద పనిచేయుచు, మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి 1945లో దీనిని సాధించెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో ఇదియే మొదటిది. 1948లో లోకమునకు ప్రకటింపబడెను.

కాన్సరు మందు

బోస్టను నగరమునందలి పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడుండెను. రక్తమునందలి తెల్లకణములు హద్దుమీరి పెరుగు లుకీమియా అను కాన్సరు పసిపిల్లలకు వచ్చినయెడల, ఆ కాలమున వారాలలోనో నెలలలోనో మరణము తప్పదు. దానికి చికిత్స యన్నది లేదు. ఎలుకలలో కొన్ని గడ్డలను ఫోలిక్ ఆమ్లపు జాతి పదార్థములు తగ్గించుచున్నవన్న వార్తను బట్టి, లెడర్లీనుండి వానిని తెప్పించి ఫార్బర్ రోగులకిచ్చి చూచెను. లుకీమియా తగ్గలేదు సరికదా, హెచ్చినట్లు తోచెను. ఆయన నిరాశ చెందక దానిని తిరుగవేసి ఆలోచించెను. ఫోలిక్ ఆమ్లము ఆ కణములకు ఎరువైనయెడల, దానిని అందకుండ చేయు వస్తువు వానికి విషము కావలెను.

అట్టి విరోధిపదార్థములను తయారుచేయు పని సుబ్బారావుగారి పరిశోధనాలయమునందు జరిగెను. వానిలో ఒకటి అమినోప్టెరిను. దాని స్వభావము రైతుబిడ్డలకు సులభముగా బోధపడును. తాలుగింజ చూచుటకు వడ్లగింజవలెనే యుండును. చల్లిన మొలక రాదు. అమినోప్టెరిను నిర్మాణమున ఫోలిక్ ఆమ్లమునకును దానికిని ఉన్న భేదము అత్యల్పము. కణము దానిని నిజమైన ఫోలిక్ ఆమ్లమని భ్రమించి గ్రహించును. గ్రహించిన పిమ్మట క్రొత్తకణములకు వలసిన జన్యుపదార్థమును తయారుచేయలేక నిలిచిపోవును. త్వరత్వరగా పెరుగు కాన్సరు కణములకు ఈ దెబ్బ హెచ్చుగా తగులును.

1947 డిసెంబరు చివర ఫార్బర్ ఈ మందును పిల్లలకిచ్చుట ప్రారంభించెను. 1948 జూను 3వ తేదీన న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో ఫలితములు వెలువడెను. పదునారుగురు పిల్లలకు మందు ఇయ్యగా పదిమందికి గుణము కనబడెను. అది శాశ్వతమైన స్వస్థత కాదు, తాత్కాలికమైన ఉపశమనము. ఆ సంగతిని పత్రముయొక్క శీర్షికలోనే వారు నిజాయితీగా చెప్పిరి. అయినను మృత్యువు వాకిట నిలిచిన బిడ్డలు కొన్ని నెలలు లేచి తిరుగాడిరి. కాన్సరును మందుతో ఎదుర్కొనవచ్చునన్న ఆశ వైద్యలోకమున స్థిరపడెను. ఆ పత్రముపై ఐదుగురి పేర్లున్నవి. సుబ్బారావుగారి పేరు లేదు. అంతకుముందు 1947లో అమినోప్టెరిను తయారీని ప్రకటించిన రసాయనపత్రముపై సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ అను మువ్వురి పేర్లున్నవి. దానిపైనను ఆయన పేరు లేదు.

ఆ జూను పత్రము వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, న్యూయార్కు నగరమున సుబ్బారావుగారు నిద్రలోనే గుండెపోటుచే పరమపదించిరి. వయస్సు 53 సంవత్సరములు.

అమినోప్టెరినునకు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేటు కూడ లెడర్లీనుండియే వచ్చినది. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అను వైద్యులు గర్భమునకు సంబంధించిన కోరియోకార్సినోమా అను కాన్సరు ఈ మందుచే తగ్గుచున్నదని ప్రకటించిరి. మందుచేతనే పూర్తిగా నయమైన గడ్డకాన్సరులలో అదియే మొదటిది. పిల్లల లుకీమియాకు నేడు పెక్కు మందులు కలిపి చికిత్స చేయుదురు. మంచి వసతులున్నచోట్ల అధికసంఖ్యాకులు స్వస్థులగుచున్నారు. ఆ మందులలో మెథోట్రెక్సేటు నేటికిని ఒకటి. కీళ్లవాపునకును, సోరియాసిస్ అను చర్మవ్యాధికిని స్వల్పమోతాదులో దీనినే వాడుచున్నారు. అట్టి రోగులకు మందుయొక్క దుష్ఫలితములు తగ్గుటకు ఫోలిక్ ఆమ్లము కూడ ఇత్తురు. మందును, దాని విరుగుడును, రెండును ఒక్క పరిశోధనాలయపు పంటలే.

రెండు లెక్కలు

పత్రములపై పేరు తక్కువగా కనబడుటకు కారణములు పెక్కు. హార్వర్డునందు కొంత పని అచ్చుకాకుండుట ఒకటి. లెడర్లీయందు పరిశోధన సమష్టికృషి. డైరెక్టరు ఆలోచన చెప్పి, సాధనములు సమకూర్చి, ఒకరిని మరియొకరితో కలిపి పని నడిపించును, చేసినవారు తమ పేర్లతో ప్రకటింతురు. ఇది రెండవది. పేరుకొరకు ప్రాకులాడు స్వభావము సుబ్బారావుగారిది కాకుండుట మూడవది.

అయితే ప్రియముకొలది సత్యమును మించి చెప్పుట కూడ తగదు. ఫాస్ఫోక్రియాటినును దాదాపు అదేకాలమున ఇంగ్లండులో ఎగిల్టను దంపతులును, ఏ.టి.పి.ని అదే 1929లో జర్మనీలో లోమన్ పండితుడును కనుగొనిరి. అమినోప్టెరినును చేతులార తయారుచేసినది సీగరు మున్నగువారు. రోగులకిచ్చి ఫలితము చూచినది ఫార్బరు బృందము. ఆరియోమైసినును కనుగొన్నది డగ్గరు. వీరందరి పట్టాలను కొట్టివేసి సర్వము సుబ్బారావుగారి పేర వ్రాయుట, ఆయనకు జరిగిన అన్యాయమునే మరియొకరికి చేయుట యగును. ఆయనకు న్యాయముగా రావలసినది అడంగలులోని సాగుదారు స్థానము. ఏ పొలమున ఏ పంట వేయవలెనో నిర్ణయించి, నీరు పెట్టించి, కూలివారినందరిని ఒక్కటిగా నడపిన వ్యవసాయదారుడాయన.

ఆ స్థానమును తరువాతివారు మెల్లమెల్లగా గుర్తించుచు వచ్చిరి. 1953లో హెస్సెల్టైన్ అను శాస్త్రజ్ఞుడు తాను వర్ణించిన ఒక క్రొత్తజాతి శిలీంధ్రమునకు సుబ్బారోమైసెస్ అని పేరిడెను. 1987లో ఎస్.పి.కె. గుప్తగారు విపులమైన జీవితచరిత్రను వెలువరించిరి. శతజయంతి సంవత్సరమగు 1995లో భారతప్రభుత్వము తపాలాబిళ్ల ముద్రించెను. 2010లో వెలువడి లోకమంతట చదువబడిన సిద్ధార్థ ముఖర్జీగారి కాన్సరుచరిత్రలో సుబ్బారావుగారి కథకు తగిన చోటు లభించినది.

ఎఱ్ఱాప్రగడ మహాకవి భారతమున అరణ్యపర్వశేషమును పూరించి, దానిని నన్నయవలెనే రాజరాజనరేంద్రునకు అంకితము చేసి, తన పేరును వెనుకకు నెట్టుకొనెను. అయినను తెలుగువారు ఆయనను మరువలేదు; కవిత్రయమున కూర్చుండబెట్టిరి. అది ఊరక జరుగలేదు. చదువరులు తరతరములుగా గ్రంథమును విప్పి చూచి, ఏ పద్యము ఎవరిదో విచారించుటచే జరిగెను. పేరు దాచుకొన్నవారిని వెలికితీయుట చదువరుల ధర్మము. గ్రంథాలయము అందుకొరకే యున్నది. మన యువకులు సుబ్బారావుగారి చరిత్రను పూర్తిగా చదివి, పరీక్ష తప్పినందుకు క్రుంగక, పట్టము తక్కువైనందుకు సిగ్గుపడక, ఆరంభించిన పనిని విడువక, తమకు తోడ్పడినవారి పేర్లను బిగ్గరగా చెప్పుట నేర్చుకొందురుగాక.